బుకింగ్ పేజీ తెరుచుకోకుండా డౌన్‌లోడ్ అయిపోతోందా? ఎన్‌జిన్ఎక్స్‌లో ఇవి చూడండి

నమస్తే అన్నా. మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: తిరుపతిలో మీ లాడ్జి వెబ్‌సైట్‌ని పాత షేర్డ్ హోస్టింగ్ నుంచి కొత్త వీపీఎస్‌కి (మీకే వేరుగా ఇచ్చే వర్చువల్ సర్వర్) మార్చినారు, ఉబుంటు 22.04 మీద ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ వేసినారు, బుకింగ్ పేజీ కోడ్‌ని నడిపే పీహెచ్‌పీ కూడా ఇన్‌స్టాల్ చేసినారు, టెర్మినల్లో వెర్షన్ అడిగితే 8.1 అని చక్కగా చెప్తోంది. హోమ్ పేజీ వస్తోంది, రూముల ఫొటోలు వస్తున్నాయి, ఆధార్ కాపీ అప్‌లోడ్ చేసే ఫారం ఉన్న 'రూమ్ బుకింగ్' నొక్కితే మాత్రం పేజీ తెరుచుకోకుండా ఫైల్ డౌన్‌లోడ్ అయిపోతోంది, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపల మీ కోడ్ మొత్తం కనిపిస్తోంది. పీహెచ్‌పీని తీసేసి మళ్ళీ వేసినా మార్పు లేదు.

ముందు జవాబు చెప్పేస్తా. మీ పీహెచ్‌పీకి ఏమీ కాలేదు. ఎన్‌జిన్ఎక్స్ ఆ ఫైల్‌ని పీహెచ్‌పీకి అప్పగించకుండా, ఫొటోని పంపినట్టే నేరుగా బ్రౌజర్‌కి పంపించేస్తోంది. కావాల్సినవి మూడు. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (వెబ్ సర్వర్ పంపిన పీహెచ్‌పీ ఫైళ్ళని నడిపి పెట్టే ప్రోగ్రామ్) అనే ప్యాకేజీ ఉండి, అది నడుస్తూ ఉండాలి. మీ సైట్ సర్వర్ బ్లాక్‌లో (ఎన్‌జిన్ఎక్స్ కాన్ఫిగ్‌లో ఆ సైట్ కోసం రాసిన భాగం) డాట్ పీహెచ్‌పీతో ముగిసే ఫైళ్ళకని ఒక లొకేషన్ బ్లాక్ (ఆ ఫైళ్ళని ఏం చేయాలో చెప్పే భాగం) ఉండాలి. ఆ బ్లాక్‌లో ఫాస్ట్‌సీజీఐ-పాస్ లైన్ సరైన సాకెట్‌ని (ఎఫ్‌పీఎం రిక్వెస్ట్‌లు అందుకునే చోటు) చూపించాలి. వీటిలో ఏది లేకపోయినా పీహెచ్‌పీని ఎన్నిసార్లు తీసి వేసినా పేజీ రాదు.

(కమాండ్లు, ఫైల్ పేర్లు పలికినట్టు తెలుగులోనే రాస్తున్నా, టెర్మినల్లో ఇంగ్లీష్‌లో కొట్టుకోండి. ఫాస్ట్‌సీజీఐ-పాస్ లాంటి సెట్టింగుల పేర్లలో, ఫంక్షన్ పేర్లలో నేను గీత రాసిన చోట అండర్‌స్కోర్ కొట్టాలి.)

అయితే అది సరిచేసే ముందు ఒక పని ఉంది, దయచేసి దీన్ని దాటేసి కిందికి పోవద్దు. మీ కోడ్ బయటికి పోతోంది. బుకింగ్ ఫైల్ డౌన్‌లోడ్ అవుతోందంటే కాన్ఫిగ్ ఫైల్ కూడా డౌన్‌లోడ్ అవుతుంది, దాంట్లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటుంది, ఎస్ఎంఎస్ కంపెనీ కీ ఉంటుంది, ఆన్‌లైన్ పేమెంట్ తీసుకుంటుంటే ఆ సీక్రెట్ కీ కూడా ఉంటుంది. కాన్ఫిగ్ డాట్ పీహెచ్‌పీ లాంటి పేర్లని వెతుక్కుంటూ తిరిగే బాట్లు ఇంటర్నెట్‌లో రాత్రీపగలూ పని చేస్తూనే ఉంటాయి, చిన్న లాడ్జి సైట్ కదా మనల్ని ఎవరు చూస్తారు అనుకోవద్దు, అవి లాడ్జీనా బ్యాంకా అని చూడవు. కాబట్టి ఇప్పుడే సర్వర్ బ్లాక్‌లో డాట్ పీహెచ్‌పీ ఫైళ్ళన్నిటికీ 503 (ప్రస్తుతం అందుబాటులో లేదు) రిటర్న్ అయ్యేట్టు ఒక చిన్న లొకేషన్ పెట్టి రీలోడ్ చేయండి, కింద చెప్పే అసలు లొకేషన్ బ్లాక్ పెట్టేటప్పుడు దీన్ని తీసేద్దురు. తర్వాత పాస్‌వర్డ్, కీలు అన్నీ మార్చేయండి. యాక్సెస్ లాగ్‌లో ఆ కాన్ఫిగ్ ఫైల్ పేరు వెతకండి, 200 కోడ్‌తో (అంటే ఫైల్ అందిందని) ఎవరికైనా పోయుంటే తెలిసిపోతుంది. మీ డేటాబేస్‌లో యాత్రికుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు ఉంటాయి, మనల్ని నమ్మి ఇచ్చినవి అవి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

పాత హోస్టింగ్‌లో అపాచీ ఉండుంటుంది. అపాచీకి పీహెచ్‌పీని తన లోపలే మాడ్యూల్‌గా పెట్టుకునే అలవాటు చాలా కాలం నుంచి ఉంది, అందుకని అక్కడ ఫైల్ ఎక్కిస్తే చాలు పేజీ వచ్చేస్తుంది. ఎన్‌జిన్ఎక్స్ అట్లా కాదు. ఇగోర్ సిసోయెవ్ దాన్ని 2004లో బయటపెట్టినప్పటి నుంచీ పద్ధతి ఒకటే, దాని లోపల పీహెచ్‌పీని నడిపే భాగం లేదు, ఫాస్ట్‌సీజీఐ అనే పద్ధతిలో ఇంకో ప్రోగ్రామ్‌కి రిక్వెస్ట్ పంపిస్తుంది, అది ఇచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని తెచ్చి బ్రౌజర్‌కి ఇస్తుంది. ఆ ఇంకో ప్రోగ్రామే ఎఫ్‌పీఎం. 2010లో 5.3.3 వెర్షన్ నుంచి పీహెచ్‌పీతో పాటే వస్తోంది. ఇట్లా పంపించమని మనం రాసి పెట్టకపోతే ఎన్‌జిన్ఎక్స్‌కి డాట్ పీహెచ్‌పీ అనేది తెలియని రకం ఫైల్, తెలియని ఫైళ్ళకి ఆక్టెట్-స్ట్రీమ్ అనే రకం తగిలించమని దాని మెయిన్ కాన్ఫిగ్‌లోనే ఉంటుంది, ఆ రకం చూసిన బ్రౌజర్ డౌన్‌లోడ్ చేసుకుంటుంది. మీకు జరిగింది ఇదే.

టెర్మినల్లో 8.1 చూపిస్తోంది కదా అంటారేమో. అది కమాండ్ లైన్ పీహెచ్‌పీ, వేరే ప్రోగ్రామ్. ఉబుంటులో ఉత్త పీహెచ్‌పీ అని ఇన్‌స్టాల్ కొడితే ఎఫ్‌పీఎం రాదు, దాని బదులు అపాచీనీ అపాచీ మాడ్యూల్‌నీ లాక్కొని వస్తుంది! మీ సర్వర్లో ఇప్పుడు అపాచీ కూడా కూర్చొని ఉండొచ్చు. ఎస్ఎస్ కమాండ్‌కి మైనస్ ఎల్‌టీఎన్‌పీ పెట్టి కొట్టండి, 80 (హెచ్‌టీటీపీ), 443 (హెచ్‌టీటీపీఎస్) పోర్టుల మీద ఎవరున్నారో కనిపిస్తుంది. ఇవాళ ఎన్‌జిన్ఎక్స్ ఉన్నా, రేపు సర్వర్ రీబూట్ అయినప్పుడు అపాచీ ముందు లేచి 80ని పట్టుకుంటే సైట్ మొత్తం వేరేలా కనిపిస్తుంది, ఎందుకో అర్థం కాక తల పట్టుకుంటారు. కాబట్టి పీహెచ్‌పీ8.1-ఎఫ్‌పీఎం అని పూర్తి పేరుతో ప్యాకేజీ వేయండి, అపాచీని ఆపి డిసేబుల్ చేయండి, సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌లో ఎఫ్‌పీఎం యాక్టివ్ అని వస్తోందా చూడండి.

తర్వాత లొకేషన్ బ్లాక్. ఉబుంటు ఇచ్చే డిఫాల్ట్ సైట్ ఫైల్లోనే అది రాసుంటుంది, లైన్ల ముందు # గుర్తు ఉండి పని చేయకుండా ఉంటుంది. స్నిపెట్స్ ఫోల్డర్లోని ఫాస్ట్‌సీజీఐ-పీహెచ్‌పీ ఫైల్‌ని ఇన్‌క్లూడ్ చేసే లైన్ ఒకటి, ఫాస్ట్‌సీజీఐ-పాస్ లైన్ ఒకటి, అంతే కావాల్సింది. అక్కడ పాస్ లైన్లు రెండుంటాయి, ఒకటి సాకెట్‌కి, ఇంకోటి 9000 పోర్టుకి, రెండిటి # లూ తీసేస్తే ఎన్‌జిన్ఎక్స్ ఒప్పుకోదు, సాకెట్ లైన్ ఒక్కటే ఉంచుకోండి. ఆ లైన్లో రాసున్న వెర్షన్ మీ దగ్గరున్న వెర్షన్‌తో కలవకపోవచ్చు కూడా. రన్ ఫోల్డర్ లోపల పీహెచ్‌పీ ఫోల్డర్‌ని లిస్ట్ చేసి అక్కడ ఏ సాకెట్ ఉందో కళ్ళారా చూసి ఆ పేరే రాయండి, నెట్‌లో దొరికిన 7.4 లైన్‌ని అట్లే అతికించొద్దు. అయినాక ఎన్‌జిన్ఎక్స్ మైనస్ చిన్న టీ కొట్టి తప్పుల్లేవని తేలినాకే రీలోడ్.

చెక్ చేసేది బ్రౌజర్లో వద్దు, టెర్మినల్లో కర్ల్ అనే కమాండ్‌తో చేయండి. బ్రౌజర్ పాత జవాబుని దాచుకొని ఉండొచ్చు, మీరు సరిచేసినా అదే డౌన్‌లోడ్ చూపించొచ్చు, సరిచేసింది కూడా తప్పేమో అనుకొని మళ్ళీ చెడగొట్టుకుంటారు. కర్ల్‌కి మైనస్ పెద్ద ఐ పెట్టి బుకింగ్ పేజీ అడ్రస్ ఇవ్వండి, మొదటి లైన్లోని కోడ్, కంటెంట్-టైప్ లైన్, ఈ రెండూ చూడండి. 200 కోడ్‌తో టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ వస్తే పీహెచ్‌పీ నడిచింది. ఆక్టెట్-స్ట్రీమ్ వస్తే ఇంకా అప్పగించడం లేదు.

మామూలుగా ఇక్కడికి పనైపోతుంది. అవ్వకపోతే చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు, లొకేషన్ బ్లాక్ కళ్ళెదుటే ఉంటుంది, అయినా ఫైల్ డౌన్‌లోడే అవుతుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే, నేను మార్చిన బ్లాక్, రిక్వెస్ట్‌కి జవాబిస్తున్న బ్లాక్ ఒకటేనా?

చిత్తూరులో ఒక ట్రావెల్స్ వాళ్ళ సైట్‌లో జరిగింది చెప్తా. వాళ్ళ టెక్నీషియన్ 80 పోర్టు బ్లాక్‌లో పీహెచ్‌పీ లొకేషన్ పక్కాగా రాసిపెట్టినాడు. 443కి ఉన్న బ్లాక్ మాత్రం తర్వాత ఇంకెవరో వేరే ఫైల్లో రాసింది, దాంట్లో రూట్ ఫోల్డర్, సర్టిఫికెట్ లైన్లు తప్ప ఏమీ లేవు. సైట్‌కి వచ్చేవాళ్ళంతా హెచ్‌టీటీపీఎస్‌లోనే వస్తారు కదా, అందరికీ డౌన్‌లోడ్. కర్ల్‌తో హెచ్‌టీటీపీ అడ్రస్ ఒకసారి, హెచ్‌టీటీపీఎస్ అడ్రస్ ఒకసారి అడిగితే రెండు రకాల జవాబులు రావడంతో దొరికిపోయింది. మీరూ ఎన్‌జిన్ఎక్స్ మైనస్ పెద్ద టీ కొట్టండి, చిన్న టీ కాదు, పెద్దది. ఇన్‌క్లూడ్ అయిన ఫైళ్ళతో సహా ఎన్‌జిన్ఎక్స్ చదివే కాన్ఫిగ్ మొత్తం తెర మీదికి వస్తుంది. మీ డొమైన్ పేరు ఎన్ని సర్వర్ బ్లాకుల్లో ఉందో వెతకండి. సైట్స్-అవైలబుల్‌లో ఉండి సైట్స్-ఎనేబుల్డ్‌లో లింక్ లేని ఫైల్ అయితే ఈ జాబితాలోకే రాదు, అంటే మీరు అంతసేపూ ఎవరూ చదవని ఫైల్‌ని దిద్దుతున్నారన్నమాట.

ఇంకో రకం ఉంది, ఇది పట్టుకోవడం కొంచెం కష్టం. తిరుపతిలోనే ఒక కోచింగ్ సెంటర్ సైట్, కాంటాక్ట్ పేజీ బాగా పనిచేస్తోంది, ఆన్‌లైన్ అనే ఫోల్డర్లోని అప్లికేషన్ పేజీ ఒక్కటే డౌన్‌లోడ్ అవుతోంది, రెండూ పీహెచ్‌పీనే, రెండూ ఒకే బ్లాక్ కింద ఉన్నాయి. కర్ల్‌లో హెడర్లు (జవాబుకి ముందు వచ్చే వివరాల లైన్లు) పక్కపక్కన పెట్టి చూస్తే చెడిపోయిన పేజీకి ఎక్స్‌పైర్స్ అనే లైన్ అదనంగా ఉంది, తేదీ నెల తర్వాతది. పీహెచ్‌పీ పేజీకి నెల రోజుల ఎక్స్‌పైరీ ఎవరు పెడతారు? కాన్ఫిగ్‌లో ఎక్స్‌పైర్స్ అని వెతికితే ఒకే ఒక్క చోట దొరికింది, ఆ ఆన్‌లైన్ ఫోల్డర్ కోసం ^~ గుర్తుతో రాసిన లొకేషన్, ఫొటోలు తొందరగా రావాలని ఎవరో పెట్టింది. ఎన్‌జిన్ఎక్స్‌లో మామూలుగా ఫోల్డర్ లొకేషన్ కన్నా రెగెక్స్ (పేరుని ఒక నమూనాతో పోల్చే) లొకేషన్‌దే పైచేయి, డాట్ పీహెచ్‌పీది రెగెక్సే కాబట్టి అదే గెలుస్తుంది. కానీ ఫోల్డర్ లొకేషన్ ముందు ^~ ఉంటే ఇక రెగెక్స్‌ల దాకా పోదు, అక్కడే ఆగిపోతుంది. ఆ రెండు గుర్తులు తీసేసి రీలోడ్ చేస్తే పేజీ వచ్చింది. అప్పటిదాకా అక్కడి వాళ్ళు అనుమానించింది పీహెచ్‌పీ వెర్షన్‌ని! మీ సైట్‌లో కొన్ని పీహెచ్‌పీ పేజీలు వచ్చి కొన్ని రాకపోతే మొదట ఈ ^~ కోసమే వెతకండి.

డౌన్‌లోడ్ పోయి 502 బ్యాడ్ గేట్‌వే వస్తే కంగారు పడొద్దు, అది ముందడుగు. ఎన్‌జిన్ఎక్స్ ఇప్పుడు అప్పగించడానికి పోతోంది, అవతల తీసుకునేవాళ్ళు దొరకడం లేదు, అంతే. ఎర్రర్ లాగ్‌లో చివరి లైన్ చదవండి, బ్రాకెట్‌లో ఒక నంబర్ ఉంటుంది. 2 ఉంటే సాకెట్ ఫైల్ ఆ పేరుతో లేదు, వెర్షన్ తప్పు రాసుంటారు లేదా ఎఫ్‌పీఎం ఆగిపోయుంటుంది. 13 ఉంటే సాకెట్ ఉంది గానీ ఎన్‌జిన్ఎక్స్ యూజర్‌కి పర్మిషన్ లేదు, ఎఫ్‌పీఎం పూల్ ఫైల్లో లిజన్ డాట్ ఓనర్, లిజన్ డాట్ గ్రూప్ చూడండి. 111 ఉంటే అక్కడ ఎవరూ వినడం లేదు, 9000 పోర్టుకి పంపిస్తూ ఎఫ్‌పీఎంని సాకెట్ మీద పెట్టిన వాళ్ళకి ఇదే వస్తుంది. పర్మిషన్ సమస్య అనగానే 777 (అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే పర్మిషన్) కొట్టే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, వద్దు, అది రిపేర్ కాదు.

తెల్ల పేజీ మీద ఉత్త 'ఫైల్ నాట్ ఫౌండ్' అని వచ్చి, లాగ్‌లో 'ప్రైమరీ స్క్రిప్ట్ అన్‌నోన్' అని ఉంటే అది ఎఫ్‌పీఎం మాట. రిక్వెస్ట్ తనకి అందింది, చెప్పిన చోట ఫైల్ కనిపించలేదు అంటోంది. రూట్ లైన్ తప్పు అయ్యుండాలి, లేదా ఫోల్డర్లోకి పోవడానికి దానికి దారి లేదు. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్లు 750 పర్మిషన్‌తో వస్తున్నాయి, అంటే బయటి యూజర్‌కి లోపలికి ప్రవేశం లేదు. సైట్‌ని హోమ్ ఫోల్డర్లో పెట్టుకొని ఫైళ్ళకి మాత్రం పర్మిషన్లు మార్చుకుంటూ కూర్చుంటే ఏం లాభం, పై ఫోల్డర్ తలుపే మూసి ఉంది కదా. నేమ్ఐ మైనస్ ఎల్ అని కొట్టి ఫైల్ పూర్తి దారి ఇస్తే మొదటి ఫోల్డర్ నుంచి చివరి ఫైల్ దాకా ప్రతి మెట్టు పర్మిషనూ వరసగా చూపిస్తుంది. సైట్‌ని వార్ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డర్లో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

పాత హోస్టింగ్ నుంచి వచ్చినారు కాబట్టి డాట్ హెచ్‌టీయాక్సెస్ (అపాచీ కోసం ఫోల్డర్లో రూల్స్ రాసుకునే ఫైల్) గురించి తప్పకుండా చెప్పాలి. ఎన్‌జిన్ఎక్స్ ఆ ఫైల్‌ని అసలు చదవదు. అందమైన లింకుల కోసం రాసుకున్న రీరైట్ రూల్స్ పనిచేయవు, అది సైట్ చూడంగానే తెలిసిపోతుంది. తెలియకుండా పోయేది ఇంకోటి ఉంది. బ్యాకప్ ఫోల్డర్‌ని ఎవరూ తెరవకూడదనీ, అడ్మిన్ ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ కావాలనీ ఆ ఫైల్లో రాసుకుని ఉంటే, ఆ కాపలా అంతా కొత్త సర్వర్లో లేదు, ఏ ఎర్రరూ రాదు, ఎవరూ చెప్పరు. పాత ఫైల్‌ని లైన్ లైన్ చదివి, ఉండాల్సిన వాటిని సర్వర్ బ్లాక్‌లో మళ్ళీ రాసుకోండి. ఒకవేళ ఇదంతా వద్దు అపాచీకే పోతా అంటే అదీ తప్పు కాదు, కాకపోతే ఆ ఫైల్లో సీప్యానెల్ (హోస్టింగ్ కంపెనీ ఇచ్చే కంట్రోల్ ప్యానెల్) రాసిన యాడ్‌హ్యాండ్లర్ లైన్ ఉండొచ్చు, పాత కంపెనీ సర్వర్లోని పీహెచ్‌పీ పేరుతో. ఆ పేరు మీ కొత్త అపాచీకి తెలియదు, అక్కడా ఇదే డౌన్‌లోడ్ మొదలవుతుంది. ఆ లైన్ తీసేయండి.

పేజీ నడవడం మొదలైనాక వచ్చేవి కొన్ని ఉన్నాయి, ఇప్పుడే చెప్పేస్తే మళ్ళీ వెతుక్కునే పని ఉండదు. ఉత్త తెల్ల పేజీ, 500 కోడ్ వస్తే కోడ్‌లో తప్పు, డిస్‌ప్లే-ఎర్రర్స్ ఆఫ్‌లో ఉంది కాబట్టి కనిపించదు, లాగ్‌లో ఉంటుంది. పాత సైట్లలో మైఎస్‌క్యూఎల్-కనెక్ట్ ఫంక్షన్ వాడుంటారు, దాన్ని 2015లో వచ్చిన 7.0 వెర్షన్‌లోనే తీసేసినారు, మైఎస్‌క్యూఎల్ఐకో పీడీఓకో మార్చాల్సిందే. పేజీ సగం బాగా వచ్చి మధ్యలో కోడ్ ముక్కలు కనిపిస్తే అది అప్పగింత సమస్య కాదు, ఆ ఫైల్లో పూర్తి ట్యాగ్ బదులు ఉత్త <? వాడినారు, ఉబుంటు ఇచ్చే సెట్టింగ్‌లో షార్ట్ ట్యాగ్ ఆఫ్‌లో ఉంటుంది. సెట్టింగ్ ఆన్ చేసే కన్నా ఫైళ్ళలో ట్యాగ్ మార్చుకోవడం మంచిది, లేకపోతే రేపు ఇంకో సర్వర్‌కి మారినప్పుడు మళ్ళీ కోడ్ బయటపడుతుంది.

ఆధార్ అప్‌లోడ్ మీ ఫారంలో ఉందన్నారు కాబట్టి ఇది తప్పకుండా తగులుతుంది. ఫోన్ కెమెరాతో తీసిన ఫొటో సులభంగా 3, 4 ఎంబీ ఉంటుంది. ఎన్‌జిన్ఎక్స్ ఏమీ రాయకపోతే 1 ఎంబీ దాటింది ఒప్పుకోదు, 413 అంటుంది. అది పెంచితే పీహెచ్‌పీ అప్‌లోడ్-మ్యాక్స్-ఫైల్‌సైజ్ 2 ఎంబీ దగ్గర ఆపుతుంది. అదీ పెంచితే రెండు వైపులా కార్డు ఫొటోలు కలిసి పోస్ట్-మ్యాక్స్-సైజ్ 8 ఎంబీ దాటొచ్చు, అప్పుడు జరిగేది ఇంకా విచిత్రం, ఫారంలో రాసిందంతా ఖాళీగా అందుతుంది, పాపం ఆ యాత్రికుడు పేరు, ఫోన్ నంబర్ అన్నీ రాసి పంపిస్తే 'పేరు రాయండి' అని వస్తుంది. మూడూ కలిపి పెంచాలి, ఎన్‌జిన్ఎక్స్‌ది అన్నిటికన్నా ఎక్కువ ఉండాలి. మార్చాల్సిన పీహెచ్‌పీ డాట్ ఐఎన్‌ఐ ఎఫ్‌పీఎం ఫోల్డర్లోది, సీఎల్ఐ (కమాండ్ లైన్) ఫోల్డర్లోది కాదు, మార్చినాక ఎఫ్‌పీఎంని రీలోడ్ చేయాలి. ఆ ఆధార్ ఫొటోలు వెబ్ ఫోల్డర్ బయట దాచండి, లింక్ తెలిసిన ఎవరైనా తెరిచేట్టు ఉండకూడదు, పైగా ఫొటో అని చెప్పి ఎవరైనా పీహెచ్‌పీ ఫైల్ ఎక్కిస్తే అక్కడ అది నడవదు.

బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి ముందు మీ సైట్ మీద జనం పడతారు, అప్పుడు అన్నీ సరిగ్గా ఉన్నా పేజీలు వేలాడతాయి. ఎఫ్‌పీఎం లాగ్‌లో మ్యాక్స్-చిల్డ్రన్ 5 చేరింది అని వస్తే అదే కారణం, ఉబుంటులో మొదట ఇచ్చే సంఖ్య 5, అంటే ఒకేసారి ఐదు పీహెచ్‌పీ పేజీలే తయారవుతాయి, మిగతావాళ్ళు లైన్లో ఉండాలి. పెంచండి గానీ ర్యామ్ చూసి పెంచండి. ఒక్కో ప్రాసెస్ 50 ఎంబీ తింటుంటే, డేటాబేస్‌కి పోగా మీకు 600 ఎంబీ మిగులుతుంటే, 12 దాటొద్దు. 50 అని పెట్టేస్తే రద్దీ రోజున ర్యామ్ అయిపోయి మైఎస్‌క్యూఎలే పడిపోతుంది, అప్పుడు ఒక్క పేజీ కూడా రాదు.

ఇదంతా చూసినా తేలకపోతే ఇక్కడే మూడు పెట్టండి: పెద్ద టీతో వచ్చిన దాంట్లో మీ డొమైన్ ఉన్న సర్వర్ బ్లాకులు, బుకింగ్ పేజీకి కర్ల్ ఇచ్చిన హెడర్లు, ఎన్‌జిన్ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో చివరి ఇరవై లైన్లు. ఐపీ అడ్రస్, పాస్‌వర్డ్‌లు ఉంటే తుడిచేసి పెట్టండి.